వంట చేస్తూ పుస్తకం చదివేవాళ్లు ఉన్నారా? పొయ్యి మీద ఏముంటే చదవచ్చు?

నూనెమరక:

ముందే చెప్పేస్తున్నా, చదవడానికి టైమ్ ఎలా దొరుకుతుందనే ప్రశ్న కాదిది. దొరకదు, ఆ సంగతి తెలుసు. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఏడేళ్లు, చిన్నవాడికి మూడు. పైన ఉద్యోగం. సాయంత్రం ఆరున్నరకి వంటింట్లోకి వెళ్తే ఎనిమిదింటికి బయటపడతాను. పిల్లలు పడుకున్నాక పుస్తకం తీస్తే రెండో పేజీలో నేనే పడుకుంటున్నా. పొద్దున్నే లేచి చదవమని మాత్రం దయచేసి చెప్పకండి. నాలుగున్నరకి లేచి వారం రోజులు చూశాను. లైటు వేసిన రెండు నిమిషాలకి చిన్నవాడు దిండు చంకలో పెట్టుకుని వచ్చి ఒళ్లో కూర్చునేవాడు.

కాబట్టి నాకు మిగిలింది వంటిల్లే. ఆ గంటన్నరలో నిజంగా చేతులాడేది ఎంతసేపో చూద్దామని ఒకరోజు గడియారం పెట్టుకున్నా. కడగడం, తరగడం, వేయించడం, మధ్యలో పిల్లల పంచాయితీలు తీర్చడం, అన్నీ కలిపి యాభై నిమిషాలు. మిగతా నలభై నిమిషాలూ ఏదో ఒకటి ఉడికేదాకా నిలబడి ఫోన్ చూడటమే. ఆ నలభై పుస్తకానికి ఇద్దామనుకున్నా.

రెండు వారాల్లో మూడు ప్రమాదాలు. మొదటిది పాలు. పొయ్యి ఎదురుగానే నిలబడి ఉన్నా, చదివింది ఒక్క పేరా. తలెత్తేసరికి పాలు పొంగి బర్నర్ ఆరిపోయింది. రెండోది ఉల్లిపాయలు, అది చెప్పక్కర్లేదు, వాసన పక్కింటిదాకా వెళ్లింది.

మూడోదే అసలు బాధ. లైబ్రరీ పుస్తకం. చెయ్యి తుడుచుకున్నాననే అనుకున్నా. పేజీ తిప్పబోతే 143 కింద మూల బొటనవేలు దిగింది. మొదట చిన్న చుక్క. మర్నాటికి చొక్కా గుండీ అంతైంది. కాగితం అక్కడ పల్చటి అద్దంలా మారిపోయి, వెనక 144లో ఉన్న అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. ఇవతల 'అతను' అన్న మాట మీద అవతలి మాట ఏదో వచ్చి కూర్చుంది. పిండి చల్లి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచా. కొంచెం పీల్చింది కానీ మరక పోలేదు.

అదీకాక పన్నెండు రోజులుగా ఆ 143 దగ్గరే ఉన్నాను. ఒక పేరా చదవడం, మూత తీసి చూడటం, మళ్లీ అదే పేరా.

నా ప్రశ్న ఇది: ఏ పనికి కళ్లు కావాలి, దేనికి చేతులు చాలు, దేనికి రెండూ అక్కర్లేదు? ఇలా చదివేవాళ్లు ఏం లెక్క పెట్టుకుంటారు? కథలు చదవమంటే చదువుతాను గానీ నా మనసంతా లావుపాటి నవలల మీదే.

మూతపెట్టినగిన్నె:

మా ఇంట్లో రాత్రి వంట నాదండీ, పిల్ల పుట్టినప్పటి నుంచీ. మీ మూడు ప్రమాదాలూ నాకూ అయ్యాయి.

ముందు ఆ పాల సంగతి. బర్నర్ ఆరిపోయిందని మామూలు విషయంలా రాసేశారు. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. మంట పోగానే గ్యాస్ ఆపేసే ఏర్పాటు కొన్ని పొయ్యిలకి ఉంటుంది, అన్నిటికీ ఉండదు. పాలు పెట్టినప్పుడు పుస్తకం మూసేయండి. నీళ్ల తీరు వేరు, పాల తీరు వేరు. వేడెక్కేకొద్దీ ప్రొటీన్, కొవ్వు కలిసి పైన పొర కడతాయి. ఆవిరి బుడగలు దాని కింద ఇరుక్కుంటాయి. అందుకే చాలాసేపు ఏమీ ఎరగనట్టు ఉండి, ఒక్కసారిగా గిన్నె దాటేస్తాయి. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెడితే కాస్త ఆగుతాయి కానీ దాన్ని నమ్ముకుని చదవలేం.

నా లెక్క చాలా చిన్నది. నీళ్లలో ఉడుకుతుంటే పుస్తకం తెరుస్తా, నూనెలో వేగుతుంటే మూసేస్తా. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మీరు మూడు పేజీలు ఆలస్యం చేసినా ముక్క ఇంకాస్త మెత్తబడుతుంది, అంతే. నీళ్లు ఇగిరిపోయి నూనె మిగిలిందా, వేడి 150 దాటిపోతుంది. అక్కడ ఎరుపు నలుపవడానికి ఒక్క పేరా చాలు. కుక్కర్లో నీళ్లు కూడా 120 దాకా వెళ్తాయి, కానీ మూత బిగించి ఉంటుంది, టైమర్ పెడితే దాని పని అది చూసుకుంటుంది. ఇక టైమర్ లేకుండా నేను పుస్తకం ముట్టను. మొదట్లో 'ఈ అధ్యాయం అయ్యాక చూద్దాం' అనుకునేవాణ్ణి. అధ్యాయానికి పొయ్యి మీద ఏముందో తెలియదు కదా.

అందుకని చదవాలనిపించిన రోజు శనగలో రాజ్మానో పెట్టుకుంటాను. రాత్రే నానబెడతా, ఆ నీళ్లలో చెంచాడు ఉప్పు వేస్తా. ఉప్పు వేస్తే గింజ ఉడకదంటారు చాలామంది. నానేటప్పుడు వేస్తే తొక్క మెత్తబడుతుంది, చేసి చూడండి. రాజ్మాతో ఒక్క జాగ్రత్త. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు బాగా తెర్లుతుండగా కనీసం పది నిమిషాలు ఉడకనివ్వాలి. పచ్చి రాజ్మాలో విషపదార్థం ఉంటుంది, సన్న సెగ మీద ఉడికీ ఉడకకుండా దించితే అది పోదు, వాంతులు పట్టుకుంటాయి.

ఒకసారి పుస్తకం ధ్యాసలో ఉండి బంగాళాదుంపలు ఉడక్కముందే టమాటాలన్నీ గిన్నెలో వేసేశాను. నలభై నిమిషాలైనా ముక్కలు గులకరాళ్లలా ఉన్నాయి. పులుపు ముందు పడితే ముక్క త్వరగా మెత్తబడదు, ముక్కని పట్టి ఉంచే పెక్టిన్ గట్టిగానే ఉండిపోతుంది. పిల్ల ఆకలని ఏడుపు. నాకు మాత్రం ముప్పై పేజీలయ్యాయి. ఇంట్లో ఆ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

పుస్తకానికి రెండు వైపులా క్లిప్పులు పెట్టి, పొయ్యికి అవతలి గట్టు మీద నిలబెట్టండి. పేజీ తిప్పడానికి మోచెయ్యి వాడటం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. ఈ-రీడర్ అయితే పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జిప్ వేసేయండి, కవర్ మీంచి వేలు ఆనించినా పేజీ తిరుగుతుంది.

సగంచదివినది:

అందరూ వేరే సలహాలిస్తారు కాబట్టి నేను ఇది చెప్తా. వంట తగ్గించుకోండి. గంటన్నర ఎందుకవుతోంది? ఎన్ని రకాలు చేస్తున్నారు? పుస్తకాన్ని పొయ్యి పక్కన ఇరికించే బదులు ఒక గిన్నె తగ్గిస్తే ఇరవై నిమిషాలు కూర్చుని చదవచ్చు. నిలబడి, ఒక కన్ను మూత మీద పెట్టి చదివేదాన్ని నేను చదవడం అనను.

నూనెమరక:

చురుక్కుమంది. రెండు రకాలు, ఒక్కోసారి మూడు. చిన్నవాడు తినేది పెద్దది తినదు. కానీ మీరన్నది ఆలోచిస్తాను.

ఒకచెవి:

నూనెలో వేగేటప్పుడు చెవులు ఖాళీనే కదండీ. ఆ ఉల్లిపాయల టైమ్ నాది. వంటల పుస్తకాల్లో 'ఉల్లిపాయలు పది నిమిషాలు ఎర్రగా వేయించండి' అని రాసేవాళ్లు ఎప్పుడైనా వేయించారా అని నా అనుమానం. సన్న సెగ మీద, మాడకుండా, లోపలిదాకా తేనె రంగు రావాలంటే ముప్పావుగంట. వారానికి ఒకసారి పెద్ద మూకుడు నిండా వేయించి డబ్బాలో పెట్టుకుంటా. ఆ ముప్పావుగంటలో కళ్లు, ఒక చెయ్యి మూకుడికి, చెవి కథకి.

ఒక చెవికే ఇయర్‌ఫోన్. రెండో చెవి పిల్లలది. మిక్సీ వేసేముందు ఆపేయాలి, లేకపోతే మిక్సీ ఆగేసరికి కథలో ఒకరు చనిపోయి ఉంటారు, ఎవరో తెలియదు. ఒకసారి ఇయర్‌ఫోన్ ఊడిపోయి స్పీకర్లో మొదలైంది. హత్య సీను. మా వాడు తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, ఎవరు చంపారు?" అన్నాడు. నాకూ ఇంకా తెలియదురా అన్నా. ఆ రోజు ఇద్దరం కలిసి విన్నాం, వాడి వయసుకి అది తగదని తర్వాత ఇంట్లో నాకు క్లాసు పడింది.

వినడానికి అన్ని పుస్తకాలూ పనికిరావు. పాతిక పాత్రలు, వంశవృక్షాలు ఉన్నవి వద్దు. ఒక్క మనిషి తన మాటగా చెప్పుకుపోయేవి బాగుంటాయి: ఆత్మకథలు, ప్రయాణాలు, ఉత్తరాలు. ఎప్పుడో చదివేసిన నవలైతే మరీ మంచిది, మధ్యలో రెండు వాక్యాలు జారిపోయినా టెన్షన్ ఉండదు. డబ్బు పెట్టాలని లేకపోతే లిబ్రివాక్స్ చూడండి. 2005లో మొదలైంది, కాపీహక్కు తీరిన పుస్తకాల్ని వాలంటీర్లు చదివి రికార్డు చేసి ఉచితంగా పెడతారు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదివినవీ ఉంటాయి. హీరోగారి గొంతు మారిపోతుంటే మొదట్లో చిరాకేసింది, ఇప్పుడు అలవాటైపోయింది.

ఇప్పుడుతీరికే:

నా పిల్లలు పెద్దవాళ్లైపోయారమ్మా. నీకంటే పెద్దదాన్ని, నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

పైన తగ్గించుకోమన్నాయన సగం నిజం చెప్పాడు. నేనైతే ఒకరోజు రెండింతలు వండి, మర్నాడు వేడిచేసి పెట్టేదాన్ని. ఆ మర్నాటి సాయంత్రం నాది. కానీ రెండింతలు వండితే అన్నంతో జాగ్రత్త. ఒకప్పుడు నేనూ రాత్రంతా గట్టు మీద వదిలేసేదాన్ని, అది తప్పు. ఉడికించినా చావని సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, గోరువెచ్చగా వదిలేస్తే పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, గంటలోపల ఫ్రిజ్‌లో పెట్టేయి.

ఇంకో మాట. నీకు ఏడేళ్ల పిల్ల ఉందన్నావు. నేను కూరగాయలు తరిగేటప్పుడు మా పెద్దవాడిని పీట మీద కూర్చోబెట్టి చదివించేదాన్ని. నేను చదువుతున్న పుస్తకమే, వాడిది కాదు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాడు, ఒక పేజీకి మూడు క్యారెట్లు అయ్యేవి. వాడికి సగం అర్థమయ్యేది కాదు, అయినా ఎందుకో వదిలేవాడు కాదు. నువ్వు ఇష్టపడేది ఏంటో చూద్దామని ఉంటుంది పిల్లలకి. తప్పులు దిద్దకు, కథ పోతుంది.

మూతపెట్టినగిన్నె:

అన్నం విషయం చాలా మంచిమాట చెప్పారమ్మా. ఆ పొరపాటు మా ఇంట్లో నిన్నటిదాకా జరుగుతూనే ఉంది.

నూనెమరక:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

నీళ్లు, నూనె లెక్క గోడ మీద రాసి అతికించాను. నీళ్లలో ఉంటే పుస్తకం, నూనెలో ఉంటే చెవి, పాలుంటే ఏదీ లేదు. పాలు ఇప్పుడు పొద్దున్నే కాస్తున్నా, ఆ టైమ్‌లో ఎలాగూ చదవను. గ్యాస్ మాట విన్నాక మాత్రం నిజంగా భయమేసింది. మూడో రకం వండటం మానేశాను. పెద్దది రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడోరోజు తినేసింది. సగంచదివినది గారూ, ఇది మీ ఖాతాలోదే. మోచేత్తో పేజీ తిప్పడం నాకు రాలేదు, రెండుసార్లు పుస్తకం సింకు అంచుదాకా వెళ్లొచ్చింది. ఇప్పుడు పొడిగుడ్డ ఒకటి భుజం మీద వేసుకుని, చెయ్యి తుడిచాకే ముట్టుకుంటున్నా. వినడం నాకు ఇంకా సరిగ్గా కుదరలేదు, గొంతు హాయిగా ఉంటే నిద్ర, లేకపోతే చిరాకు. ఉల్లిపాయల రోజు మాత్రం పర్వాలేదు.

ఈ మూడు వారాల్లో 143 నుంచి 301కి వచ్చాను. రోజుకి ఏడెనిమిది పేజీలు. పెళ్లికి ముందు ఇది ఒక సాయంత్రం పని.

లైబ్రరీలో మరక సంగతి నేనే చెప్పేశా. అక్కడావిడ ఆ పేజీని కాసేపు వెలుతురుకి పెట్టి చూసింది. డబ్బు కట్టమంటుందనుకున్నా. అట్ట లోపల పెన్సిల్‌తో '143, మరక' అని చిన్నగా రాసి, గడువు పెంచి నా చేతికే ఇచ్చింది.

పెద్దదాన్ని గట్టు పక్కన కూర్చోబెట్టి చదివించాను. మొదటిరోజు నాలుగు వాక్యాలు, అది కూడా మరక పక్కన పేజీ తెరిచి, "ఇక్కడ రెండు పేజీలు ఒకేసారి చదవచ్చు" అని సంతోషపడింది. కథలో ఒక ముసలాయన ఉన్నాడు, ఇరవై పేజీలుగా ఓడలోనే ఉన్నాడు, రేవు వచ్చింది కానీ దిగడానికి మనసు రావడం లేదు. ఆయన ఎందుకు దిగట్లేదని దానికి ఒకటే బెంగ. స్కూలు నుంచి రాగానే ఇవాళ బ్యాగు కూడా దించకుండా అడిగింది, "ఆ తాతయ్య ఓడ దిగాడా?" అని.

ఇంకా లేదు, శనగలు ఇప్పుడే పొయ్యి మీద పెట్టాను.