ఆస్తమా సపోర్ట్ గ్రూపులో జవాబులన్నీ అయిదారుగురే రాస్తున్నారు, వాళ్లను తగ్గమనాలా?

గ్రూప్‌అడ్మిన్:
ఆస్తమా ఉన్నవాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ గ్రూపు ఇది. సభ్యులు వేలల్లో ఉన్నా, ఎవరు ఏమడిగినా జవాబిచ్చేది ఎప్పుడూ ఆ అయిదారుగురే. ఓపిగ్గా చెబుతారు, అర్ధరాత్రి కూడా ఉంటారు. వీళ్లు కాస్త తగ్గితేగానీ మిగతావాళ్లు నోరు విప్పరని తోటి మోడరేటర్ల వాదన. అది నిజమేనా? వీళ్లలో ఒకరిద్దరు మానేస్తే గ్రూపు ఎంత దెబ్బతింటుందో ముందే లెక్కగట్టే దారి ఉందా?

పట్టికలపని:
తగ్గమని మాత్రం చెప్పకండి. ఇలాంటి గ్రూపులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. మద్యం మానడం, పొగ మానడం, డిప్రెషన్, పానిక్ సమస్యల మీద నడిచిన నాలుగు ఆన్‌లైన్ గ్రూపులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, పోస్టుల్లో దాదాపు ముప్పావు వంతు ఒక్క శాతం సభ్యులు రాసినవే. చదివి వెళ్లిపోయేవాళ్లలో చాలామందికి కావలసింది చదవడంలోనే దొరుకుతుంది, వాళ్లతో బలవంతంగా మాట్లాడించనక్కర్లేదు.

ఇక లెక్క. గత 90 రోజుల పోస్టుల్ని స్ప్రెడ్‌షీట్‌లోకి దించండి. థ్రెడ్, రాసినవారు, తేదీ-సమయం, ప్రశ్నా జవాబా అన్న నాలుగు కాలమ్‌లు చాలు. ప్రతి ప్రశ్నకూ మొదటి జవాబు ఎన్ని గంటలకు వచ్చిందో చూసి మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యన ఉండే అంకె) తీయండి. సగటు తీస్తే, నెల తర్వాత జవాబొచ్చిన నాలుగు థ్రెడ్లు మొత్తం అంకెను పాడుచేస్తాయి. తర్వాత, ఎక్కువ జవాబులు రాసిన వ్యక్తి వరసలన్నీ తీసేసి, ఎన్ని ప్రశ్నలు జవాబే లేకుండా మిగిలాయో లెక్కించండి. అవి తిరిగి పెట్టి రెండో వ్యక్తివి తీయండి, ఆ తర్వాత ఇద్దరివీ కలిపి తీయండి. ఈ మూడో లెక్క తప్పకుండా చేయాలి. ఒకే రకం ప్రశ్నలకు ఇద్దరూ జవాబిస్తుంటే ఒకరు లేకపోయినా లోటు కనబడదు, ఇద్దరూ లేకపోతే ఒక్కసారిగా బయటపడుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: తొందరగా జవాబిచ్చేవాళ్లు లేనప్పుడు ఇంకొకరు ముందుకు రావచ్చు, కాబట్టి మీకొచ్చే అంకె నష్టానికి గరిష్ఠ అంచనా మాత్రమే.

పోస్టుల సంఖ్య ఒక్కటే చూస్తే పొరపడతారు. రోజంతా కబుర్లు రాసేవారు పైవరసలో తేలి, కొత్తగా చేరినవాళ్ల మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబిచ్చేవారు కింద పడిపోతారు. మొదటి పోస్టుకు పలకరింపు లేకపోతే మళ్లీ రానివాళ్లు ఎక్కువ. అందుకే ఆ జవాబులు రాసేదెవరో విడిగా చూడండి.

శ్వాసనర్సు:
ఇంకో ప్రమాదం ఉందండీ. ఎక్కువగా రాసేవాళ్ల మాటకు బరువెక్కువ, కొత్తవాళ్లు దాన్ని డాక్టరు మాటలా తీసుకుంటారు. ఆ మాట పాతబడిపోయినా ఎవరూ అడ్డుచెప్పరు. ఉదాహరణకు, పెద్దలకూ పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ సాల్‌బ్యుటమాల్ లాంటి రిలీవర్ (ఆయాసాన్ని వెంటనే తగ్గించే మందు) ఒక్కటే చికిత్సగా ఇవ్వొద్దని 2019 నుంచి జినా (ఆస్తమా చికిత్సపై సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు చెబుతున్నాయి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉండాలి. "ఆయాసం వచ్చినప్పుడు మాత్రం పీల్చండి చాలు" అన్న పాత సలహా ఇప్పటికీ పోస్టుల్లో తిరుగుతూనే ఉంది.

నాలుగు నెలలకోసారి, ఎక్కువమంది చూసే ఇరవై జవాబులు తీసి ఒక డాక్టరుతోనో నర్సుతోనో చదివించండి. తప్పు కనిపిస్తే రాసినవారికి ముందు విడిగా చెప్పి, వాళ్లచేతే సవరణ పెట్టించండి. అందరి ముందూ సరిదిద్దితే వాళ్లు నొచ్చుకుంటారు, గ్రూపు రెండు వర్గాలవుతుంది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడే తీరు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించడం లాంటివి అనుభవం ఉన్న సభ్యులు డాక్టరుకన్నా బాగా చెబుతారు, నిశ్చింతగా చెప్పనివ్వండి. డోసు మార్చడం, స్టెరాయిడ్ మాత్రలు ఆపడం మాత్రం గీత దాటినట్టే. చాలాకాలం వాడిన మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే శరీరానికి కావలసిన స్టెరాయిడ్‌ను అడ్రినల్ గ్రంథి వెంటనే తయారుచేయలేదు, ప్రాణం మీదికి వస్తుంది.

రాత్రికాపలా:
ఆ అయిదారుగురిని అందరికీ కనబడే పోస్టులకంటే ఇన్‌బాక్స్‌కు విడిగా వచ్చే ప్రశ్నలే ఎక్కువ అలిసిపోయేలా చేస్తాయి. "వైద్య ప్రశ్నలు థ్రెడ్‌లోనే" అన్న నియమం పైన పిన్ చేయండి. అప్పుడు వాళ్లు కాదనాల్సిన పని ఉండదు, నియమమే కాదంటుంది. అత్యవసరానికి ముందే రాసిపెట్టిన జవాబు ఒకటి ఇవ్వండి: వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, నీలబడ్డ పెదాలు, రిలీవర్ పనిచేయకపోవడం ఉంటే చాటింగ్ ఆపి వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. తర్వాత మోడరేటర్‌ను ట్యాగ్ చేసి వాళ్లు పక్కకు తప్పుకోవాలి.

గ్రూప్‌అడ్మిన్:
మూడూ ఉపయోగపడేవే, కృతజ్ఞతలు. లెక్క ఈ వారమే మొదలుపెడతాం. వీళ్లకు గుర్తింపుగా బ్యాడ్జి ఇద్దామా?

పట్టికలపని:
పోస్టుల సంఖ్యను బట్టి ఇవ్వకండి, సంఖ్య కోసం రాయడం మొదలవుతుంది. పేరులో "నిపుణులు" అన్న మాట అసలే వద్దు, "పాత సభ్యులు" చాలు. సెలవు పెట్టుకున్నప్పుడు బ్యాడ్జి పోకుండా చూడండి, పోతుందంటే జ్వరంలో కూడా లాగిన్ అవుతారు.

రాత్రికాపలా:
వీళ్లూ ఆస్తమా ఉన్నవాళ్లేనని మరిచిపోవద్దు. రెండు వారాలు కనబడకపోతే ఎవరు పలకరించాలో, ఏ నంబరుకో, వాళ్లనే అడిగి ముందే రాసిపెట్టుకోండి. ఆ వివరం మోడరేటర్లలో ఇద్దరి దగ్గరే ఉండాలి.