‘అమెరికా’ బ్యాండ్ వినడానికి ‘హిస్టరీ’ ఒక్కటే చాలా?

రేడియోపిచ్చి:
‘అమెరికా’ అనే రాక్ బ్యాండ్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా ఇక్కడ పెద్ద లిస్టు ఇస్తున్నారు. నన్నడిగితే 1975లో వచ్చిన హిట్ల సంకలనం ‘హిస్టరీ’ ఒక్కటి చాలు. 12 పాటలు, వచ్చిన వరసలోనే, ‘ఎ హార్స్ విత్ నో నేమ్’ దగ్గర మొదలై ‘సిస్టర్ గోల్డెన్ హెయిర్’ మీదుగా ‘వుమన్ టునైట్’ దాకా, ఒక్కటి కూడా దాటేయాలనిపించదు. మిగతా ఆల్బమ్‌లు వీరాభిమానులకే.

గోదారిగిటార్:
పాటలు బాగాలేవని ఎవరూ అనరండీ. కానీ అందులో మొదటి ఏడూ, అవి విడుదలైనప్పుడు జనం విన్నట్టు లేవు. బీటిల్స్‌తో పనిచేసిన జార్జ్ మార్టిన్ 1974లో ‘హాలిడే’ ఆల్బమ్ నుంచి వీళ్లకి ప్రొడ్యూసర్ అయ్యాడు కదా, ఈ సంకలనం కోసం తను రాకముందు పాటల్ని మళ్లీ మిక్స్ చేశాడు, అంటే గొంతులు, వాయిద్యాల హెచ్చుతగ్గులు మార్చాడు. బేస్ గిటార్ ముందుకొచ్చింది, ‘శాండ్‌మన్’ పొడుగు తగ్గింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల మాటల్లోంచి పుట్టిన పాట అది, ఆ భయం మనకి పట్టాలంటే ఆ పొడుగు ఉండాల్సిందే.

రేడియోపిచ్చి:
మిక్స్ మారితే తప్పేంటి? మొదటి ఆల్బమ్ లండన్‌లో చేశారు, రెండోది ‘హోమ్‌కమింగ్’ లాస్ ఏంజెలిస్‌లో. వాటిని మార్టిన్ చేసిన పాటల పక్కన అలాగే పెడితే సౌండ్ ఎగుడుదిగుడుగా ఉండేది. ‘ఐ నీడ్ యూ’లో బేస్ ఒకసారి వినండి, పాటకి అప్పుడే నిండుదనం వచ్చింది.

గోదారిగిటార్:
‘ఐ నీడ్ యూ’ వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ నా అసలు బాధ డాన్ పీక్ గురించి. బ్యాండ్‌లో ముగ్గురూ లండన్‌లో ఉన్న అమెరికన్ వైమానిక దళ ఉద్యోగుల పిల్లలు, ముగ్గురూ రాస్తారు, ముగ్గురూ పాడతారు. ‘హిస్టరీ’లో డ్యూయీ బన్నెల్‌వి నాలుగు, జెర్రీ బెక్లీవి నాలుగు, పీక్‌వి మూడు, ‘మస్క్‌రాట్ లవ్’ బయటి రచయితది. లెక్క సమానంగానే కనిపిస్తుంది. కానీ మొదటి ఆల్బమ్ నుంచి తీసుకున్న మూడింట్లో పీక్ పాట ఒక్కటీ లేదు! ‘రెయినీ డే’, ‘డాంకీ జా’ అందులోనే ఉన్నాయి, రెండూ అతనివే. 1977లో అతను బ్యాండ్ వదిలేశాడు, ఈ రికార్డు ఒక్కటే విన్నవాళ్లకి మొదట్నుంచీ అతను అంత రాశాడని ఎలా తెలుస్తుంది? హిట్లు మాత్రమే ఏరితే ఇలాగే అవుతుంది.

ప్లేయర్‌ముందు:
నేను మధ్యలో వస్తున్నా. ఎనిమిదో పాట ‘టిన్ మ్యాన్’ నుంచి చివరి దాకా ‘హిస్టరీ’లో వినండి, అవి ఎలాగూ మార్టిన్ చేసినవే. ముందువాటికి మాత్రం అసలు ఆల్బమ్‌లే పట్టుకోండి. ‘హిస్టరీ’ కవర్ బొమ్మ వేసింది ఫిల్ హార్ట్‌మన్ అని ఇక్కడ ఎంతమందికి తెలుసు? తర్వాత అమెరికన్ టీవీ కామెడీ షో ‘సాటర్డే నైట్ లైవ్’లో నటించింది ఆయనే. ఆ బొమ్మ కోసమైనా రికార్డు ఇంట్లో ఉండాలంటాను.

రేడియోపిచ్చి:
పీక్ సంగతి నేను ఆలోచించలేదు గోదారి గారూ, ‘రెయినీ డే’ ఈ రాత్రే వింటా. కొత్తవాళ్లకి మాత్రం ముందు ‘హిస్టరీ’యే చెప్తాను, అందులో మార్పు లేదు.