కాలీఫ్లవర్ కాండం గుల్లబారింది: బోరాన్ ఎప్పుడు, ఎంత వేయాలి?

మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి ప్రాంతం. ఆమ్ల నేల అని కాస్త ఎక్కువగానే సున్నం చల్లిన ఎర్రమట్టి మడిలో ఈసారి కాలీఫ్లవర్ పువ్వులపై గోధుమరంగు మచ్చలు పడ్డాయి. కోసి చూస్తే కాండం లోపల గుల్లగా ఉంది. ముదురు ఆకులు పచ్చగానే ఉండి, లేత ఆకులే పెళుసుబారి వంకర తిరిగినందున ఇది బోరాన్ అనే సూక్ష్మపోషక లోపమేనని అనుకుంటున్నాను.

నేను చదివినంతలో, కణకవచంలోని పెక్టిన్ అనే జిగురు పదార్థంలో రామ్నోగాలాక్టురోనాన్-2 అనే అణువులను బోరేట్ (బోరాన్ రూపం) రెండేసి చొప్పున జతకట్టి పట్టి ఉంచుతుంది. అది చాలకపోతే కొత్తగా ఏర్పడే కణాల గోడలు సరిగా కుదురుకోవు. కాలీఫ్లవర్‌లో ముదురు ఆకుల నుంచి బోరాన్ చిగుళ్లకు పెద్దగా తరలదు కూడా. అలాంటప్పుడు పువ్వు తొడిగాక పిచికారీ చేయడం వల్ల ప్రయోజనం ఉంటుందా, లేక నారు నాటే ముందే నేలలో బోరాక్స్ (బోరాన్ ఉన్న ఎరువు) కలపాలా?

అధిక సున్నం వల్ల బోరాన్ వేళ్లకు అందకుండా పోతుందంటారు; అదే కారణమైతే మోతాదు మార్చాలా? దుకాణదారు ‘గుప్పెడు చల్లండి’ అన్నారు గాని, లోపానికీ విషప్రభావానికీ మధ్య తేడా చాలా తక్కువ కనుక ఆ కొలతను నమ్మలేకపోతున్నాను. పైగా తరువాత అదే మడిలో, అధిక బోరాన్‌ను తట్టుకోలేని ఫ్రెంచ్ చిక్కుడు వేయాలి. ఎకరానికి ఎంత బోరాక్స్ క్షేమమో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.