సీటీ స్కాన్‌లో కంటిగూటి మూలన తెల్లని చుక్క

ప్రశ్న: తలనొప్పికని మా నాన్నగారికి తీయించిన సీటీ రిపోర్టులో, కుడి కంటిగూటి పైభాగాన ముక్కువైపు "ట్రోక్లియా కాల్సిఫికేషన్" ఉందని రాశారు. ఇది కంట్లో పడిన లోహపు ముక్క అయ్యే అవకాశం ఉందా?

జవాబు 1: కంటిని తిప్పే ఒక కండరపు స్నాయుబంధకం, బావి కప్పీ మీది తాడులా, ట్రోక్లియా అనే చిన్న మృదులాస్థి వలయం గుండా వంగి వెళుతుంది. వయసుతో అక్కడ కాల్షియం చేరడం మామూలే; చికిత్స అక్కరలేదు.

జవాబు 2: నిజమే. కాకపోతే గాయపడినవారిలో దీన్నే లోహపు ముక్కగా పొరబడే వీలుంది కనుక, చుక్క సరిగ్గా ఆ మూలనే ఉందా అని రేడియాలజిస్టులు చూస్తారు. నాన్నగారు వెల్డింగ్ వంటి పని చేసి ఉంటే, ఎంఆర్ఐకి ముందు తప్పక చెప్పండి. 40 ఏళ్లలోపువారిలో కనిపిస్తే మధుమేహ పరీక్ష మంచిది.

అడిగినవారు: నాన్నగారికి 68 ఏళ్లండీ, లోహపు పని ఎన్నడూ చేయలేదు. పాత స్కాన్‌లోనూ అదే చుక్క ఉందట.