కెఫేలో మనుషుల్ని గమనించేటప్పుడు మాటా, సైగా రెండూ గుర్తుండట్లేదు, హెల్ప్ చేయండి

కథలు రాయడం ప్రాక్టీస్ చేస్తున్నా, డైలాగులు మరీ పుస్తకంలో మాటల్లా వస్తున్నాయని రెండు నెలల నుంచి వారానికి మూడు రోజులు సాయంత్రం 6 నుంచి 7:30 దాకా కెఫేలో కూర్చుని జనాన్ని గమనిస్తున్నా. ప్రాబ్లం ఏంటంటే చూస్తూ ఉంటే మాటలు గుర్తుండవు, రాసుకుంటూ ఉంటే మనిషి మిస్సవుతున్నాడు.

మొన్న పక్క టేబుల్ దగ్గర ఒకావిడ ఏదో చెప్తోంది, ఎదురుగా ఉన్నతను ఫోన్ చూస్తూనే ఊఁ ఊఁ అంటున్నాడు, ఆవిడ సగంలో ఆపేసింది, రెండు సెకన్లయ్యాక అతను తలెత్తి "చెప్పు" అన్నాడు, ఆవిడ "ఏం లేదులే" అంది. నాకు కావాల్సింది ఆ రెండు సెకన్లే. ఇంటికెళ్లి 40 నిమిషాల తర్వాత రాయబోతే "ఏం లేదులే" ఒక్కటే మిగిలింది, ఆవిడ గొంతు ఎలా ఉందో, చేతులు ఏం చేస్తున్నాయో అంతా పోయింది.

నోట్‌బుక్ ట్రై చేశా, తల వంచి ఎత్తేలోపు సీన్ అయిపోతోంది, పైగా ఒకసారి ఇద్దరు నావైపు చూసి గొంతు తగ్గించేశారు, చాలా బాధేసింది. ఫోన్‌లో టైప్ చేస్తే ఎవరూ పట్టించుకోలేదు గానీ స్పీడ్ సరిపోవట్లేదు. మూల సీట్లో గోడవైపు తిరిగి కూర్చుంటే మాటలు బాగా వినిపిస్తాయి, మొహాలు కనపడవు. రికార్డింగ్ మాత్రం చేయను, వాళ్లకి తెలియకుండా అలా చేయడం తప్పు, పేర్లు వినిపించినా రాసుకోను.

ఇలా గమనించి రాసే అలవాటున్నవాళ్లు, తర్వాత మాటా సైగా రెండూ గుర్తొచ్చేలా అక్కడికక్కడ రెండు మూడు ముక్కల్లో ఏం రాసుకుంటారు?