కంటి శిబిరాలా, ఊరి కంటి కేంద్రాలా: ఏది చవక, ఏది మేలు?

చెరువుగట్టు:
తెలంగాణలో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లు పరీక్షించే కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న మొదలుపెట్టి 100 పనిదినాల గడువు పెట్టుకున్నారు. ఆంధ్రలో 2019 అక్టోబరులో అదే పేరుతో ఇంకొకటి వచ్చింది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లది వేరే దారి: సుమారు 50 వేల జనాభాకు ఎప్పుడూ తెరిచి ఉండే ఒక విజన్ సెంటర్ (ఊరి కంటి కేంద్రం), దానిపైన ఆపరేషన్లు చేసే కేంద్రం. పంచాయతీ గది, కరెంటు ఇచ్చి, మహిళా సంఘం మనుషుల్ని పంపి, పీహెచ్‌సీ బీపీ, షుగరు చూసి, కంటి ఆసుపత్రి టెక్నీషియన్‌ని పెట్టి, జోళ్లు అమ్మిన డబ్బుతో కేంద్రాన్ని నడిపితే ఇదే చవక అని నా వాదన. శిబిరాల డబ్బు ఇటు మళ్లించాలి. కాదనేవాళ్లు చెప్పండి.

దుక్కిటెద్దు:
కాదంటాను. మండల కేంద్రంలో గది తెరిచి కూర్చుంటే వచ్చేది బస్సెక్కగలిగినవాళ్లే. రెండు కళ్లకూ శుక్లం ముదిరిన ముసలామెను ఎవరు తీసుకొస్తారు? కొడుక్కి ఒకరోజు కూలి పోతుంది. శిబిరమైతే ఆమె వీధి దాకా వస్తుంది. చత్వారానికి పెద్ద వైద్యం కూడా అక్కర్లేదు, నలభై దాటాక అద్దాల నంబరు +1.00తో మొదలై వయసును బట్టి +2.50, +3.00 దాకా పోతుంది. అక్కడికక్కడే కళ్లజోడు చేతిలో పెట్టొచ్చు.

పిన్‌హోల్:
చత్వారం వరకు మీ మాట ఒప్పుకుంటా, ఒక షరతు మీద. దూరపు చూపు ఒక్కో కంటితో విడివిడిగా చూసి, రెండూ బాగున్నాకే రెడీమేడ్ జోడు ఇవ్వాలి. శిబిరంలో తప్పేది ఇక్కడే. బడి వరండాలో చార్టు 6 మీటర్లు కొలవకుండా తగిలిస్తారు, వెనక ఎండ. కన్ను మూసిన వేళ్ల సందుల్లోంచి తొంగి చూసి అక్షరం చెప్పేస్తారు.

చూపు తగ్గిందంటే ముందు చిన్న రంధ్రంలోంచి చూపించాలి. చూపు మెరుగైతే అద్దాలతో సరిపోతుందని అనుకోవచ్చు. మెరుగవకపోతే శుక్లమో, రెటీనానో, నరమో, పైకి పంపాల్సిందే. అర నిమిషం పని, హడావుడిలో మొదట ఎగిరిపోయేది ఇదే.

దూరపు నంబరు జోళ్లు తర్వాత తయారై ఊరికొస్తాయి. అద్దం మధ్య బిందువు కంటిపాపకు ఎదురుగా లేకపోతే తలనొప్పి వస్తుంది, జోడు ట్రంకుపెట్టెలో పడుకుంటుంది. సరిచేయడానికి ఎవరూ ఉండరు. నీటికాసులైతే (గ్లకోమా) ఒకసారి కంటి లోపలి ఒత్తిడి మామూలుగా ఉన్నంత మాత్రాన లేవని కాదు. షుగరున్నవాళ్లకు ఏటా చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూడాలి. ఏడాదికోసారి అదే మనిషి మళ్లీ రావాలంటే అదే గది ఉండాలి.

బస్‌పాసు:
శుక్లం ఆపరేషన్ లెక్క చూద్దాం. బస్సులో పట్నం తీసుకెళ్లాక షుగరో బీపీయో ఎక్కువుందని వెనక్కి పంపితే, మనిషికీ తోడుకీ ఆ రోజు కూలి, దారి ఖర్చు వృథా. కన్నీటి సంచిలో చీము ఉంటే కూడా ఆపరేషన్ ఆపేస్తారు. వారం ముందే ఊళ్లో చూసి మందులిస్తే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఆపరేషన్ తర్వాత మర్నాడు, వారానికి, మళ్లీ నాలుగు నుంచి ఆరు వారాలకు చూపించుకోవాలి. చుక్కల మందు సాధారణంగా ఆరు వారాలు వేయాలి, వారం వారం తగ్గిస్తూ. జనం రెండో సీసా కొనరు. సంఘం సభ్యురాలు వారానికోసారి సీసా చూసొస్తే చాలు. ఒక్కటి మాత్రం ఆమెకు నేర్పాలి: వచ్చిన చూపు మళ్లీ తగ్గినా, నొప్పి, ఎర్రదనం పెరిగినా అదే రోజు ఆసుపత్రికి. రేపు అనకూడదు.

దుక్కిటెద్దు:
ఆసుపత్రి జోళ్లు అమ్మి కేంద్రాన్ని నడుపుతుంది కదా? మరి అవసరం లేని జోడు అంటగట్టరని నమ్మకమేంటి?

లెక్కలపుస్తకం:
మంచి ప్రశ్న. లెక్క కోసం రోజుకు 15 మంది, 25 రోజులు, అంటే నెలకు 375 మంది అనుకుందాం. ముగ్గురిలో ఒకరు జోడు కొంటే 125. జోడుకు 150 మిగిలితే 18,750. టెక్నీషియన్ జీతానికి అటూ ఇటూగా సరిపోతుంది. కానీ నాట్ల రోజుల్లో మనిషి రాడు, జీతం మాత్రం ఆగదు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూసే యంత్రం) బల్బు పోయిందంటే అదనపు ఖర్చు. ఆ నెలల్లో తేడా పంచాయతీ భరించాలి. జీతాన్ని అమ్మకానికి ముడిపెడితే మీరన్నదే జరుగుతుంది. ధరల బోర్డు గోడకుండాలి, ఇబ్బంది చెప్పనివాళ్లకు 0.50 లోపు నంబరు రాయకూడదు, ఇరవై చీటీల్లో ఒకటి ఆసుపత్రి మళ్లీ పరీక్షించాలి.

 

చెరువుగట్టు:
దుక్కిటెద్దు గారి ముసలామె సంగతి తేలలేదు, ఒప్పుకుంటా. మొదటి సర్వే శిబిరంతోనే చేద్దాం, ఇంటింటి జాబితా కేంద్రానికి అప్పగిద్దాం.

దుక్కిటెద్దు:
అలాగైతే సరే. కానీ గది సర్పంచి ఇంటి పక్కన వద్దు, ఎదుటి వర్గంవాళ్లు గడప తొక్కరు. బస్టాండు దగ్గర, మెట్లు లేకుండా.