'డంజియన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్' సినిమాలో అసలు ఆట ఎక్కడ ఉంది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. 2023 మార్చిలో విడుదలైన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్' సినిమాను ఈమధ్య ఇంట్లో అందరం కలిసి చూశాం. ఆ పేరుగల ఆటను మాలో ఎవరూ ఎన్నడూ ఆడలేదు. జైలు నుంచి తప్పించుకున్న గాయకుడు ఎడ్గిన్, అతనికి తోబుట్టువు లాంటి యోధురాలు హోల్గా, తన శక్తి మీద తనకే నమ్మకం లేని మాంత్రికుడు సైమన్, జంతువుల రూపం ధరించగల డోరిక్ కలిసి ఒక ఖజానాను కొల్లగొట్టడానికి పడే పాట్లు మా అందరికీ నచ్చాయి. జానపద చిత్రాలు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మంత్రదండాలూ రూపం మార్చే విద్యలూ మాకు కొత్త కావు. నెవర్‌వింటర్, థే వంటి ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు మొదట్లో కొంత తికమక పెట్టినా కథను అందుకోవడం కష్టం కాలేదు.

అయితే ఈ ఆట ఆడేవారు చాలామంది, ఆట స్వభావాన్ని ఇంత చక్కగా పట్టుకున్న సినిమా ఇంతకుముందు రాలేదని రాస్తున్నారు. సినిమాలో బల్ల చుట్టూ కూర్చున్న ఆటగాళ్లు కనిపించరు, ఎవరూ పాచికలు వేయరు. అలాంటప్పుడు ఆ పోలిక ఎక్కడుంది? ఆట పుస్తకాల్లోని రాక్షసుల పేర్లనూ మంత్రాల పేర్లనూ వాడుకోవడమేనా, అంతకు మించి ఏదైనా ఉందా? ముగింపుతో సహా ఏ సన్నివేశం గురించైనా నిరభ్యంతరంగా రాయవచ్చు.

మొదటి సమాధానం

హైదరాబాదులో మిత్రులతో కలిసి కొన్నేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను. ఎక్కువసార్లు డంజియన్ మాస్టర్‌గా కూర్చునేది నేనే కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట ఇది. ఒకరు డంజియన్ మాస్టర్‌గా ఉండి, పాత్రలు ఎక్కడున్నాయో, ఎదురుగా ఏముందో వర్ణిస్తారు. మిగిలినవారిలో ఒక్కొక్కరు ఒక్కో పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఆ పని నెగ్గుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. కథ ఎటు పోతుందో ఆట నడిపేవారికి కూడా ముందుగా తెలియకపోవడంలోనే దీని ఆనందమంతా ఉంది. ఎంత గొప్పగా వేసిన పథకమైనా ఒక్క చెడ్డ పాచికతో కుప్పకూలుతుంది, అప్పుడు అందరూ కలిసి మరో దారి వెతుక్కోవాలి. ఈ సినిమా తన కథను మొదటి నుంచి చివరి దాకా ఆ పద్ధతిలోనే అల్లుకుంది.

పాతాళంలోని వంతెన సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. ఆ వంతెన దాటడానికి ఏ రాతి మీద కాలు పెట్టాలో, ఎన్ని అడుగులకు పక్కకు జరగాలో జెంక్ అనే ధర్మవీరుడు ఎంతో ఓపికగా వివరిస్తూ ఉంటాడు. ఆ వివరణ పూర్తి కాకముందే సైమన్ కాలు మొదటి రాతికి తగులుతుంది, వంతెన మొత్తం అగాధంలోకి కూలిపోతుంది. డంజియన్ మాస్టర్‌గా కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. వారం రోజులు ఆలోచించి ఒక చిక్కుముడి తయారు చేస్తాం. నియమాలు చదివి వినిపిస్తూ ఉండగానే ఒక ఆటగాడు నేను ముందుకు నడుస్తున్నానంటాడు, మన శ్రమ అంతా అక్కడితో సరి. అయినా కథ ఆగకూడదు కాబట్టి అప్పటికప్పుడు వేరే మార్గం చూపాలి. సినిమాలోనూ అదే జరిగింది. అప్పటిదాకా మామూలు చేతికర్రగా కనిపించినది, రెండు చోట్ల మధ్య ద్వారం తెరవగల మంత్రదండమని అప్పుడే బయటపడుతుంది. సాధారణ ప్రేక్షకుడికి అది కాకతాళీయంగా అనిపించవచ్చు. మాకు మాత్రం తెర వెనక డంజియన్ మాస్టర్ హడావిడిగా కాగితాలు తిరగేస్తున్నట్లు కనిపిస్తుంది.

శవాలను బతికించి ప్రశ్నలడిగే సన్నివేశం కూడా అలాంటిదే. ఆట పుస్తకంలో ఉన్న ఆ మంత్రానికి నిజంగానే ఐదు ప్రశ్నల పరిమితి ఉంది. మంత్రం వేసినవారు తొందరపడి, ఇది కూడా ఒక ప్రశ్న కింద లెక్కేనా అని అడిగి ఉన్న అవకాశాలను పోగొట్టుకోవడం మా బల్ల దగ్గర తరచూ జరిగేదే. ఇక మంత్రద్వారపు అవతలి కొసను అమర్చి ఖజానాలోకి పంపిన చిత్రపటం బోర్లా పడిపోయి, ఎంతో కష్టపడి తెరిచిన ద్వారం అవతల రాతి నేల తప్ప మరేమీ మిగలకపోవడం నేను అన్నిటికన్నా మెచ్చుకునే ఘట్టం. అక్కడ శత్రువు తెలివి ఏమీ లేదు, కేవలం దురదృష్టం. పాచిక చూపకుండానే పాచిక ఫలితాన్ని చూపించారు.

దర్శకులు జాన్ ఫ్రాన్సిస్ డేలీ, జోనథన్ గోల్డ్‌స్టీన్ అంతకు ముందు 2018లో 'గేమ్ నైట్' తీశారు. ఆటకు కూర్చున్న మిత్రుల మధ్య నడిచే మాటల వేగం వారికి బాగా తెలుసునని ఆ సినిమాలోనే కనిపించింది.

రెండవ సమాధానం

పై సభ్యులు చెప్పిన దానిలో చాలా భాగం ఒప్పుకుంటాను కానీ, ఆ మెచ్చుకోలులో సినిమా లోపాలు మరుగున పడుతున్నాయని నా అభిప్రాయం.

ముందుగా నియమాల సంగతి. డోరిక్ గుడ్లగూబ తలగల ఎలుగుబంటిగా, అంటే ఔల్‌బేర్‌గా మారడం మీద అభిమానులు పెద్ద చర్చే చేశారు. 2014 నాటి నియమాల ప్రకారం డ్రూయిడ్ అనే వర్గం వారు, అంటే డోరిక్‌లాంటి ప్రకృతి మాంత్రికులు, మామూలు జంతువుల రూపమే ధరించగలరు, ఔల్‌బేర్ ఆ కోవలోకి రాదు. కోట నుంచి పారిపోతూ ఆమె ఈగగా, ఎలుకగా, పక్షిగా, పిల్లిగా, జింకగా వరుసగా మారిపోవడం కూడా ఆ నియమాలకు లోబడదు, ఎందుకంటే రెండుసార్లు రూపం మార్చాక విశ్రాంతి తీసుకోవాలి. ఎడ్గిన్ బార్డ్, అంటే పాటతో మంత్రాలు వేసే గాయకుల వర్గానికి చెందినవాడైనా సినిమా మొత్తంలో ఒక్క మంత్రమూ వేయడు. వీటిలో ఏదీ నాకు అభ్యంతరం కాదు. ఆ పారిపోయే ఘట్టాన్ని ఎక్కడా తెగకుండా ఒకే ఊపిరిలో సాగినట్లు తీసిన తీరు చూశాక, నియమం కోసం దాన్ని వదులుకోమని ఎవరూ అడగరు.

నా అభ్యంతరం ప్రతినాయికతో. థే దేశపు ఎర్ర మాంత్రికురాలు సోఫీనా భయంకరంగా కనిపిస్తుంది కానీ, ఆమెకు ఏం కావాలో, ఎందుకు కావాలో మనసుకు పట్టేలా ఎక్కడా చెప్పలేదు. ఆమె వెనక ఉన్న జాస్ టామ్ అనే మహామాంత్రికుడు ఆట పుస్తకాలు చదివినవారికి సుపరిచితుడే, చదవనివారికి మాత్రం రెండు మూడు సార్లు వినిపించే పేరే. అందువల్ల చివరి యుద్ధంలో మంత్రాలు ఎన్ని మెరిసినా మనం ఎవరిని ద్వేషించాలో తెలియదు. ఆమెకన్నా ఎడ్గిన్ పాత సహచరుడు ఫోర్జ్ ఎన్నో రెట్లు నిజమైన విరోధి. హ్యూ గ్రాంట్ నవ్వుతూనే పోషించిన ఆ పాత్ర, తండ్రి నిన్ను వదిలి ధనం కోసం వెళ్లాడని ఎడ్గిన్ కూతురు కీరాకు నూరిపోసి, ఆ పిల్ల ప్రేమను దొంగిలిస్తుంది. కథకు నిజమైన గాయం అక్కడుంది. యుద్ధాన్ని తగ్గించి ఆ తండ్రీకూతుళ్ల మీద మరికొంత సమయం పెట్టి ఉంటే బాగుండేది. జెంక్ పాత్రను కూడా సగంలోనే పంపించివేశారు, రెజే జీన్ పేజ్ తెర మీద ఉన్నంతసేపూ సినిమా స్థాయి పెరుగుతుంది కాబట్టి ఆ లోటు బాగా తెలుస్తుంది.

ఇంత చెప్పినా, ముగింపు దగ్గర మాత్రం నేను తలవంచుతాను. చనిపోయిన ఒక్కరిని, అదీ ఒక్కసారి మాత్రమే బతికించగల ఫలకం కోసం ఎడ్గిన్ సినిమా అంతా వెతికాడు. భార్యను తిరిగి తెచ్చుకోవాలన్నదే అతని కోరిక. విషపు కత్తి గాయంతో హోల్గా కళ్లముందే చనిపోయినప్పుడు, తన కూతురిని తల్లిలా పెంచినది ఈమేనని గ్రహించి, ఆ ఒక్క అవకాశాన్నీ ఆమెకు ఇచ్చేస్తాడు. మిషెల్ రోడ్రిగెజ్ అంతకు ముందు ఎక్కడా కన్నీళ్లు పెట్టించే ప్రయత్నం చేయకుండా, ఆ పాత్రను పొడిగా, మొండిగా నడిపినందువల్లే ఆ నిర్ణయానికి అంత బరువు వచ్చింది.

మూడవ సమాధానం

ఇద్దరి అభిప్రాయాలూ ఆసక్తిగా చదివాను. ఈ ఆట పేరుతో 2000లో కోర్ట్నీ సాలమన్ దర్శకత్వంలో ఒక సినిమా వచ్చింది. జెరెమీ ఐరన్స్ వంటి నటుడు ఉన్నప్పటికీ అది విమర్శకులకూ నచ్చలేదు, డబ్బూ చేయలేదు. అందులో సామ్రాజ్ఞి, రాజదండం, డ్రాగన్లు అన్నీ ఉన్నాయి కానీ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పొరపాట్లు చేసే జట్టు లేదు. ప్రశ్న అడిగినవారు ఆ సినిమాను కూడా చూస్తే, పేర్లు వాడుకోవడానికీ ఆటను పట్టుకోవడానికీ ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది.

చేతితో చేసిన పని గురించి కూడా ఒక మాట చెప్పాలి. క్షమాభిక్ష విచారణలో కనిపించే జర్నాథన్ అనే పక్షిమనిషిని పూర్తిగా కంప్యూటర్ మీద గీయలేదు. లెగసీ ఎఫెక్ట్స్ సంస్థవారు తయారుచేసిన దుస్తుల లోపల మనిషి ఉండి నటించాడు. ఎడ్గిన్, హోల్గా అతన్ని పట్టుకుని కిటికీలోంచి దూకేటప్పుడు ఆ రెక్కలకూ ఈకలకూ ఉన్న బరువు కంటికి తెలుస్తుంది. ఐస్‌లాండ్, ఉత్తర ఐర్లండ్ ప్రాంతాల్లో చిత్రీకరించిన బయటి దృశ్యాలు కూడా ఆ లోకాన్ని నమ్మించడానికి చాలా ఉపయోగపడ్డాయి.

ఇంత మంచి సినిమా ఎందుకు ఆడలేదన్నది నన్ను బాధించే విషయం. సుమారు 15 కోట్ల డాలర్లతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల 80 లక్షల డాలర్ల దాకా వసూలు చేసింది. థియేటర్ల వాటా, ప్రచార ఖర్చు తీసేస్తే అది లాభం కాదు. అమెరికాలో మార్చి 31న విడుదలయింది. సరిగ్గా వారం ముందు 'జాన్ విక్' నాలుగవ భాగం వచ్చింది, ఐదు రోజుల తర్వాత మారియో సినిమా వచ్చి పిల్లలున్న కుటుంబాలన్నిటినీ తన వైపు తిప్పుకుంది. ఆ రెంటి మధ్య దీనికి ఊపిరాడలేదు. అదే ఏడాది జనవరిలో, ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఇతరులు ఆ నియమాలతో పుస్తకాలు రాసుకోవడానికి ఇచ్చిన అనుమతి పత్రాన్ని మార్చబోగా ఆటగాళ్లు తీవ్రంగా ఎదురుతిరిగారు. కొందరు సినిమాను బహిష్కరించాలని కూడా పిలుపునిచ్చారు. నెల తిరగకముందే సంస్థ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలివేసింది. ఆ గొడవ టికెట్ల మీద ఎంత ప్రభావం చూపిందన్నది పక్కన పెడితే, సినిమాను ముందుగా నెత్తిన పెట్టుకోవలసిన అభిమానులే విడుదలకు ముందు అసంతృప్తితో ఉండటం దానికి మేలు చేసి ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. వంతెన సన్నివేశం నిన్న రాత్రి మళ్లీ చూశాం, ఈసారి అది పూర్తిగా వేరేగా అర్థమయింది. సోఫీనా గురించి చెప్పిన మాట కూడా నిజమే, ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఫోర్జ్ పేరు మాత్రం అందరికీ గుర్తుంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, పెద్దమ్మాయి పదో తరగతి. ఆట మొదలుపెట్టాలంటే దేనితో మొదలుపెట్టమంటారు?

మొదటి సమాధానం రాసినవారి జవాబు

నలుగురు సరిగ్గా సరిపోతారు, ఒకరు డంజియన్ మాస్టర్, ముగ్గురు ఆటగాళ్లు. 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లోని 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' అనే సాహసకథ దొరికితే దానితోనే మొదలుపెట్టండి. ముందే తయారుచేసిన ఐదు పాత్రలు అందులో ఉంటాయి కాబట్టి తొలి రోజు నియమాల పుస్తకం మొత్తం చదవవలసిన పని లేదు. పైగా కథ మీరు సినిమాలో చూసిన నెవర్‌వింటర్ నుంచే మొదలవుతుంది. ఒక బండి నిండా సరుకులు వేసుకుని ఫాండలిన్ అనే చిన్న ఊరికి చేర్చాలి, దారిలో గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు కాపు కాస్తుంటారు. మీ పెద్దమ్మాయిని డంజియన్ మాస్టర్‌గా కూర్చోబెట్టండి. మీరు ముగ్గురూ ఆమె ఊహించని పనులు చేయండి.